మానుకోట కౌంటర్లో విదేశీ సిమ్ పాఠాలు

మా మేనకోడలు కల్పన మొన్న ఒక ఫోన్ కంపెనీ షాపులో ఉద్యోగంలో చేరింది. వారం తిరక్కుండానే ఫోన్ చేసి, "అత్తా, రీచార్జులు, కొత్త కనెక్షన్లు ఎట్లనో చేస్తున్న. ఎవరన్న ఫారిన్ పోతున్నం, అక్కడ నెట్ చవకగా ఎట్ల వస్తదని అడిగితే మాత్రం చెమటలు పడుతున్నయి" అంది. దానికి ఫోన్లో చెప్పడం మొదలుపెట్టి, చెప్పాల్సింది చాలా ఉందని తెలిసి, ఇట్లా రాయడానికి కూర్చున్నాను.

నేను టెలిఫోన్ శాఖలో చేరింది జనగామ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా. ట్రంకు కాల్ కలిపి, అవతలివాళ్లకు వినపడక వాళ్ల మాటలు కూడా నేనే అరిచి చెప్పిన రోజులవి. రిటైరయింది భూపాలపల్లిలో. మధ్యలో తొమ్మిదేళ్లు మహబూబాబాద్‌లో, అంటే మా నోట మానుకోటలో, కస్టమర్ కౌంటర్లో కూర్చున్నాను. ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చిందో నాకు సరిగా గుర్తు లేదు. గుర్తున్నది కౌంటర్ ముందు నిలబడ్డ మనుషులు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. మా ఆఫీసుకు ఎదురుగానే దీక్షల టెంటు. మాది కేంద్రం ఉద్యోగం కాబట్టి సమ్మెలో లేము. కానీ మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ పట్టుకొని వెళ్లి, టెంట్లో అరగంట కూర్చొని వచ్చేవాళ్లం. మా ఆఫీసరు మూర్తి గారు కృష్ణా జిల్లా మనిషి. కిటికీలోంచి అంతా కనపడేది. ఆ అరగంట ఆయన ఫైల్లోంచి తల ఎత్తేవారు కాదు.

కొండల్‌రెడ్డి గారి ఇజ్రాయెల్ ప్రయాణం

నా తప్పుతో మొదలుపెడతాను. నాకు పని నేర్పింది అదే.

నర్సింహులపేట దగ్గర కొండల్‌రెడ్డి గారని పెద్ద మిర్చి రైతు. డ్రిప్పు సాగు చూడటానికి రైతుల బృందంతో ఇజ్రాయెల్ వెళ్తూ, అక్కడ కూడా తన నంబరు పనిచేయాలని వచ్చారు. చేతిలో కొత్త టచ్ ఫోన్. ఫారం నింపించి, సంతకం తీసుకొని రోమింగ్ పెట్టించాను. "అక్కడ కాల్స్ ఖరీదు సార్, అవసరమైతేనే మాట్లాడండి" అని చెప్పాను. అంతే చెప్పాను. డేటా అనే మాట నా నోట రాలేదు. ఎందుకంటే జేబులో పెట్టుకున్న టచ్ ఫోన్ దానంతట అదే నెట్ వాడుకుంటుందని నాకే తెలియదు.

తర్వాతి నెలలో ఆయన ఆఫీసు గుమ్మం దాటక ముందే గొంతు వినపడింది.

"ఏందమ్మా గిది? ఆడ నేను ముగ్గురితోని మాట్లాడిన. ముగ్గురంటే ముగ్గురు! గిది ఫోన్ బిల్లా, ట్రాక్టర్ బిల్లా?"

కాగితం చూశాను. నాకూ కళ్లు తిరిగాయి. "డేటా వాడినట్టు ఉంది సార్" అన్నాను.

"గా డేటా ఏందో నాకెరుక లేదు. నేను దాన్ని ముట్టనే లేదు."

ఆయన చెప్పింది నిజం. ముట్టింది ఫోను. మెయిళ్లు, వాతావరణం, ఇంకా ఏవేవో ఆయన నిద్రపోతున్నప్పుడు కూడా దించుకుంటూనే ఉంది. అప్పుడు నేను రెండో తప్పు చేశాను, మొదటిదానికంటే పెద్దది. ఫారం తిప్పి చూపించి, "వెనకాల రాసి ఉంది సార్, మీరు సంతకం కూడా పెట్టిన్రు" అన్నాను.

ఆయన ఆ అక్షరాలను కళ్లద్దాల్లోంచి, కళ్లద్దాలు తీసేసి, రెండు విధాలా చూశారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. "నువ్వు సదివినవా అమ్మా గిది?"

నేను చదవలేదు. ఎన్నో వందల మందితో సంతకాలు పెట్టించాను కానీ, ఒక్కసారి కూడా చదవలేదు.

అప్పటికి మూర్తి గారు గదిలోంచి బయటికి వచ్చారు. "చదివారా సుజాత గారూ?"

"లేదు సార్."

"నేనూ చదవలేదండీ" అని ఆయన రెడ్డి గారివైపు తిరిగి, కుర్చీ చూపించారు. "కూర్చోండి. టీ తాగుతూ ముగ్గురం కలిసి చదువుదాం."

రెడ్డి గారు కూర్చోలేదు. "మీ ఆంధ్రా తియ్యటి మాటలకు కరిగేటోణ్ణి కాదు నేను" అన్నారు. ఆ రోజుల్లో ఆ మాటకు గొడవ కావాల్సిందే. మూర్తి గారు నవ్వారు. "కరగొద్దండీ. ఉత్తరం రాస్తాను, అది చదివాక కోప్పడదురు గాని" అన్నారు.

అక్కడే నిలబడి పై ఆఫీసుకు ఉత్తరం చెప్పి రాయించారు. వినియోగదారుకు చెప్పవలసిన సంగతి మా ఆఫీసు చెప్పలేదు, తప్పు మాదే, కాబట్టి బిల్లు తగ్గించాలి అని. రెడ్డి గారు వెళ్లాక, "సార్, నా మీద మెమో వస్తది" అన్నాను.

"మీ పేరెక్కడుందండీ అందులో? మా ఆఫీసు అని ఉంది. కింద సంతకం నాది."

బిల్లులో ఎక్కువ భాగం తర్వాత మాఫీ అయింది. ఆ ఉత్తరం మూలంగా పైనుంచి మూర్తి గారికి గట్టిగానే అక్షింతలు పడ్డాయని ఏడాది తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది. ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. నేను చాలామంది ఆఫీసర్ల కింద పనిచేశాను. తెలివైనవాళ్లు చాలామంది ఉన్నారు. కింది మనిషి తప్పు మీద తన సంతకం పెట్టినవాళ్లు ఇద్దరే కనపడ్డారు. ఒకరు ఈయన.

అట్టముక్క మీద నా రాత

ఆ మర్నాటి నుంచి నేను చదువు మొదలుపెట్టాను. పుస్తకాలు లేవు. దుబాయ్, మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి మా కౌంటర్‌కు వచ్చిన ప్రతివాళ్లనీ కూర్చోబెట్టి అడిగాను. "ఆడ ఇంటికెట్ల మాట్లాడుతరు? నెట్ ఎట్ల దొరుకుతది?" వాళ్లకు తెలిసినంత మా శిక్షణ తరగతుల్లో ఎవరికీ తెలియదు.

వాళ్ల దగ్గర నేర్చుకున్నది చాలా సులువు. విమానం ఎక్కకముందే మన సిమ్‌లో రోమింగ్ డేటాను ఆపేయాలి. దిగిన దేశంలో ఆ దేశపు సిమ్ కొనుక్కోవాలి, దానికి పాస్‌పోర్టు చూపించాలి. చేతిలో ఉన్న ఫోన్ ఒకే కంపెనీ సిమ్‌కు లాక్ చేసింది కాకూడదు. అది ఇంట్లో ఉండగానే వేరే సిమ్ వేసి చూసుకోవాలి. హోటల్లోనో, బసలోనో వైఫై ఉంటే పెద్ద పనులన్నీ దాని మీదే కానియ్యాలి. మన సిమ్‌ను, ఎవరు ఫోన్ చేశారో తెలియడానికి మాత్రం ఉంచుకోవాలి.

ఇదంతా ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి కౌంటర్ పక్కన కట్టాను. మొదటి వాక్యం ఇది: "ఫారిన్ పోయేటోళ్లు ముందుగాల్ల డేటా బంద్ పెట్టుకోండ్రి."

మూర్తి గారు చూసి ఆగిపోయారు. "ఏంటండీ ఇది? ఆఫీసు బోర్డు మీద 'పెట్టుకోండ్రి' అని రాస్తారా? పైవాళ్లు చూస్తే?"

"పైవాళ్లు ఫారిన్ పోయినప్పుడు వాళ్లకు వేరే బోర్డు రాస్త సార్" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం. ఎదురుగా టెంట్లో పాటలు వినీ వినీ వచ్చిందేమో.

ఆయన ఏదో అనబోయారు. అంతలో క్యూలో ఉన్న ఒక ముసలాయన ఆ అట్టను పైకి చదివాడు. ఆయన వెనక ఉన్న నలుగురు వెంటనే జేబుల్లోంచి ఫోన్లు తీసి, డేటా ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టారు. మూర్తి గారు నావైపు, అట్టవైపు చూసి, "ఉండనివ్వండి. కొంచెం ఎత్తులో కట్టండి, వెనకవాళ్లకు కనపడటం లేదు" అని లోపలికి వెళ్లిపోయారు.

కౌంటర్లో ఉన్నవాళ్ల రోగం ఒకటుంది. మనం మాట్లాడే మాట అవతలివాళ్లకు అర్థం కాకపోతే, లోపం వాళ్ల తెలివిలోనే ఉందనుకుంటాం. నాకు తెలిసి తొంభై పాళ్లు తప్పు మన మాటదే.

మంగ్లి జర్మనీ ప్రయాణం

గూడూరు మండలంలో అడవి అంచున ఉన్న ఒక తండా నుంచి మంగ్లి వచ్చింది. నలభై ఏళ్ల మనిషి. అద్దాలు, గవ్వలు పెట్టి బట్టల మీద కుట్టు పని చేస్తుంది. ఆ కుట్టు చూసిన ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు, జర్మనీలో చేతిపనుల సంతకు రెండు వారాలు తీసుకుపోతామన్నారు. తండాలో అప్పటిదాకా హైదరాబాద్ దాటి పోయినవాళ్లు లేరట. సంస్థవాళ్లు ఇచ్చిన టచ్ ఫోన్‌ను కొంగులో మూటగట్టి తెచ్చింది.

"మేడం, నాకు విమానం భయం లేదు" అంది. "నా బిడ్డ సరిత కడుపుతోని ఉంది. నేను వచ్చినంక మూడు వారాలకు కాన్పని చెప్పిన్రు. దినాం దానితోని మాట్లాడేటట్టయితేనే పోత. లేకుంటే పోను. గా ముచ్చట నువ్వే తేల్చాలె."

సరిత దగ్గర ఉన్నది మామూలు బటన్ల ఫోన్. దానికి నెట్ లేదు. తండాలో సిగ్నల్ కూడా బోరుబావి దిబ్బ మీద తప్ప రాదు. అందుకని నెట్ మీద నుంచి మామూలు ఫోన్‌కు చవకగా కాల్ చేసే యాప్ ఒకటి మంగ్లి ఫోన్లో వేశాను. జర్మనీ సిమ్‌లో డేటా ఉంటే చాలు, మనవైపు ఏ ఫోన్ అయినా మోగుతుంది. సంస్థవాళ్లు అందులో ముందే డబ్బు వేసి పెట్టారు.

ఆమెకు చదువు రాదు. గుర్తులు మాత్రం కుట్టు పనిచేసే కళ్లతో ఒక్కసారికే పట్టేది. "ఈ నీలం బొమ్మ నొక్కాలె, గిది తిరుగుతుంటే నెట్ రాలేదన్నట్టు, ఆగాలె." బస్సులు బందైన రోజుల్లో కూడా ఆటోలు మారుకుంటూ నాలుగుసార్లు వచ్చింది. ఆఖరుసారి మా ఆఫీసు వైఫై మీద పక్క గదిలోంచి నాకే కాల్ చేసి, "హలో మేడం, నేను జర్మనీ నుంచి" అని పడీపడీ నవ్వింది.

వెళ్లే ముందు, ఒక చీటీ మీద మా ఆఫీసు లాండ్‌లైన్ నంబరు, నా నంబరు రాసిచ్చి, వాటిని ఫోన్లో సేవ్ చేసి, పక్కన నా ఫోటో పెట్టాను. ఏ నిబంధనలోనూ లేని పని అది. నా ఉద్యోగంలో చేసిన మంచి పనుల్లో దాన్ని ముందు పెడతాను.

రోడ్డు బంద్ అయిన రోజు

మంగ్లి వెళ్లిన తొమ్మిదో రోజు. ఊళ్లలో రాస్తారోకో, ఉద్యమకారులు రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటా వార్పూ. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు నేను టెంటుకు బయల్దేరుతూ గుమ్మంలో ఉన్నాను. లాండ్‌లైన్ మోగింది.

"మేడం, నేను మంగ్లిని. జర్మనీల ఉన్న. సరితకు నొప్పులు మొదలైనయట. ఇప్పుడే ఫోన్ చేస్తే, దిబ్బ మీదికెల్లి మా ఆయన సోమ్లా చెప్పిండు. పిల్ల యాడీ, యాడీ అని ఏడుస్తుంది, నన్నే పిలుస్తుంది. ఆటో ఎక్కించిన్రట, రోడ్డు మీద వంటలు పెట్టి బంద్ చేసిన్రని డ్రైవరు ఎనకకు తిప్పిండట. అంబులెన్సు లారీల ఎనక ఆగిందట. ఏం చెయ్యాలె మేడం?"

గొంతు గట్టిగానే ఉంది కానీ, చివరి మాట దగ్గర విరిగింది. "ఫోన్ పెట్టకు మంగ్లీ, లైన్లనే ఉండు" అన్నాను. మూర్తి గారు వచ్చి ఆ రిసీవర్ అందుకున్నారు. నేను నా సెల్ తీసి గూడూరులో మా లైన్‌మన్ యాకయ్యకు చేశాను. యాకయ్య తిండివేళకు అక్కడి దీక్ష టెంట్లోనే ఉంటాడని నాకు తెలుసు.

"యాకయ్యా, రోడ్డు మీద వంట చేసేది మనోళ్లేనా?"

"మనోళ్లే మేడం. అన్నం ఉడుకుతుంది, వస్తరా?"

సంగతి చెప్పాను. ఇంకో మాట లేదు, ఫోన్ చేతిలోనే పట్టుకొని పరుగెత్తిన చప్పుడు వినపడింది. తర్వాత యాకయ్య అరుపు, పదిమంది అరుపు. రోడ్డు నడిమధ్య మూడు రాళ్ల మీద పెద్ద గంజు ఉందట, సగం ఉడికిన అన్నంతో. ఒక ముసలవ్వ లేచి, "అన్నం మళ్ల వండుకుందం, పిల్లకు తొవ్వ ఇడువుర్రి" అందట. గంజు చెవుల్లోంచి కర్రలు దూర్చి, నలుగురు మనుషులు ఆ మరుగుతున్న గంజును అట్లే ఎత్తి పక్కన పెట్టారు. ఉద్యమం మైకు కట్టిన జీపు తండా దాకా పోయి సరితనూ, సోమ్లానూ ఎక్కించుకుంది. ముందు మూడు మోటార్ సైకిళ్లు. దారి పొడుగునా ఎక్కడ రోడ్డు మూసి ఉంటే అక్కడ మైకులో ఒకటే మాట. "జర జరుగుర్రి, దవాఖానకు పోతున్నం, దారియ్యుర్రి!"

ఇక్కడ మా ఆఫీసులో మూర్తి గారు రిసీవర్ చెవిన పెట్టుకొని, నేను చెప్పినవన్నీ జర్మనీకి చేరవేస్తున్నారు. "రోడ్డు తీశారమ్మా... జీపు వచ్చిందమ్మా... ఎక్కించారమ్మా." మధ్యలో ఆయనకే గాబరా పుట్టి, "డేటా ఉందా అమ్మా మీ దగ్గర, అయిపోతుందేమో!" అన్నారు. అవతల నుంచి మంగ్లి, "మస్తుగ ఉంది సారూ, నువ్వు ముందు చెప్పు!" అన్న అరుపు నాదాకా వినపడింది.

ఆ సంగతి నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆమె చేతిలో ఉన్నది మా రోమింగ్ అయితే, బిల్లుకు భయపడి రోజుకో నిమిషం మాట్లాడి పెట్టేసేది. ఆ రోజు ఆ టైముకు అసలు కాల్ చేసేదే కాదు. చవక అంటే డబ్బు మిగలడం అనుకునేదాన్ని. భయం లేకుండా ఫోన్ చేతికి తీసుకోగలగడం అని ఆ రోజు తెలిసింది.

జీపు మానుకోట దవాఖానకు వచ్చేసరికి నేనూ అక్కడికి చేరాను. సాయంత్రం నాలుగు దాటాక ఆడపిల్ల పుట్టింది. నెలలు పూర్తిగా నిండకపోయినా, బరువు తక్కువైనా, ఏడుపు మాత్రం గట్టిది. నర్సమ్మ పిల్లను తల్లి పక్కన పడుకోబెట్టాక, మంగ్లి నా సెల్‌కు చేస్తే, దాన్ని ఆ పిల్ల నోటి దగ్గర పెట్టాను. అవతల మంగ్లి ఏడ్చింది, నవ్వింది, వాళ్ల భాషలో ఏదో గట్టిగా కేకలేసింది. ఆమె దుకాణం చుట్టూ చేరిన తెల్లవాళ్లు ఎవరో కొట్లాట అనుకున్నారట. సంస్థ అమ్మాయి విషయం చెప్పాక, ఆ వరుసలో దుకాణాలవాళ్లందరూ చప్పట్లు కొట్టారట. ఆ చప్పట్లు నేనూ విన్నాను. సరితకూ వినిపించాను.

సోమ్లా మాత్రం వరండాలో జీపు డ్రైవరు చేతులు పట్టుకొని వదలడం లేదు. ఆ డ్రైవరు, "ఇడువే బాపూ, ఆడ అన్నం సల్లారిపోతది" అంటున్నాడు.

భూపాలపల్లి

తర్వాత నాకు భూపాలపల్లి బదిలీ అయింది. బొగ్గు గనుల ఊరు. షిఫ్టు దిగి, మొహాలు కడుక్కున్నా కళ్ల అంచున నల్లగా మిగిలే మనుషులు కౌంటర్‌కు వచ్చేవాళ్లు. రాష్ట్రం వస్తుందా రాదా అన్న ముచ్చటే క్యూ అంతా. వాళ్ల బావలు, అల్లుళ్లు గల్ఫ్‌కు పోయేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు కాబట్టి నా అట్టముక్క అక్కడా కట్టాను.

ఒకరోజు పదకొండు గంటలకు చూస్తే, క్యూలో మంగ్లి. వెనక ఇంకో ముగ్గురు ఆడవాళ్లు, అందరి కొంగుల్లోనూ ఫోన్ల మూటలు.

"ఏంది మంగ్లీ, ఇంత దూరం?"

"మానుకోటల నీ కుర్చీల కొత్తాయన కూసున్నడు. అడిగితే కాయితం ఇచ్చి సదువుకోమన్నడు. నాకు సదువు రాదంటే, సదువొచ్చినోళ్లను తోలుకరమ్మన్నడు. అందుకే నువ్వేడున్నవో అడుక్కుంట వచ్చిన. ఈళ్లు జపాన్ పోతున్రు, నాతోని."

రెండు బస్సులు మారి వచ్చారు వాళ్లు, పది నిమిషాల్లో చెప్పగల మాట కోసం. ఆ కొత్తాయన చెడ్డవాడు కాడు. ఒకప్పటి నేనే. కల్పనా, నువ్వు మాత్రం అట్లా కాకు.

నలుగురినీ ముందుకు పిలిచి మొదలుపెట్టాను. "విమానం దిగంగనే ఎయిర్‌పోర్టులోనే సిమ్ కొనుక్కోవాలె..."

"వద్దు మేడం" అంది మంగ్లి.

"ఏం వద్దు?"

"ఎయిర్‌పోర్టుల కొనొద్దు. ఆడ కొత్తగ దిగినోళ్లను చూసి రేటు ఎక్కువ చెప్తరు. జర్మనీల నేను గట్లనే మోసపోయిన. ఆ రాత్రికి బసల ఉన్న వైఫై సరిపోతది. తెల్లారి బజార్ల కొనాలె. సగానికి సగం తక్కువ. కొన్నంక దుకాణం ఇడిచి బయటికి రావొద్దు, ఆడనే ఇంటికి ఒక ఫోన్ కొట్టి చూసుకోవాలె. నడవకుంటే ఆనికే సూపియ్యొచ్చు."

ఈ ముక్క నాకు ఏ గల్ఫ్ మనిషీ చెప్పలేదు. ఏళ్ల తరబడి అందరికీ ఎయిర్‌పోర్టులో కొనమనే చెప్పాను. పెన్ను తీసి రాసుకున్నాను. తర్వాత లేచి, కౌంటర్ తలుపు తీసి, "లోపలికి రా మంగ్లీ, నువ్వే చెప్పు" అని నా కుర్చీ చూపించాను.

ఆమె ఒక్క క్షణం సందేహించి, లంగా అంచు సర్దుకొని కూర్చుంది. ఆ ముగ్గురికీ వాళ్ల భాషలో మొదలుపెట్టింది. నేను ఇవతలికి వచ్చి, గని కార్మికుల పక్కన క్యూలో నిలబడ్డాను. ఆమె వేలు ఫోన్ మీద సూది నడిచినట్టు నడుస్తోంది. క్యూలో ఎవరూ విసుక్కోలేదు. అందరూ మెడలు చాచి చూస్తున్నారు.

ముగ్గురి ఫోన్లూ అయ్యాక ఆమె లేవబోయింది. నా ముందున్న కార్మికుడు చెయ్యి ఎత్తాడు. "అక్కా, మా బామ్మర్ది దుబాయి పోతుండు. ఆనికెట్ల మరి?"

మంగ్లి నావైపు చూసింది. నేను క్యూలో నా చోటే నిలబడ్డాను. ఆమె కుర్చీ ముందుకు జరుపుకొని, చెయ్యి చాచింది.

"ఫోన్ తెచ్చినవా? ముందుగాల్ల వేరే సిమ్ ఏసి సూద్దాం, ఇటియ్యి."